క్యాంపులో యూనిఫాం: ఒక నియమం, దాని చుట్టూ అయిదు రోజులు (విజయనగరం కేస్ స్టడీ)

విజయనగరం ఊరి బయట ఒక శిక్షణ కేంద్రంలో నవంబరు చివర్లో అయిదు రోజులు జరిగిన యువ నాయకత్వ శిబిరం గురించి ఇది. ఎనిమిది నుంచి పదో తరగతి చదివే పిల్లలు అరవై మంది దాకా వచ్చారు. జిల్లా పరిషత్ హైస్కూళ్ళు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు, కొన్ని ప్రైవేటు బడులు. పూసపాటిరేగ తీరంలోని మత్స్యకార పల్లెల పిల్లలు, శృంగవరపుకోట వైపు కొండ కింద ఊళ్ళవాళ్ళు, నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుల పిల్లలు, రాజాం, చీపురుపల్లి టౌన్ల నుంచి వచ్చినవాళ్ళు, అందరూ ఒకే కప్పు కింద. నేను దీనికి సమన్వయకర్తని. ఇలాంటి శిబిరాలు నడపడమే నా పని.

మామూలుగా శిబిరం అయ్యాక రాసే రిపోర్టులో ఏ సెషన్ ఎవరు తీసుకున్నారు, పిల్లలు ఏం నేర్చుకున్నారు అని ఉంటుంది. ఆ రిపోర్టు వేరే రాశాను. ఇక్కడ బట్టల గురించి ఒక్కటే రాస్తున్నాను, ఎందుకంటే ఆ అయిదు రోజుల్లో ఎవరు నోరు విప్పారు, ఎవరు వెనక గోడకి ఆనుకుని కూర్చున్నారు, ఎవరు లీడర్ అయ్యారు అన్నది చూస్తే, సగం కథ యూనిఫాం నియమం దగ్గరే ఉంది. ఇలాంటి క్యాంపులు పెట్టేవాళ్ళకి, పిల్లల్ని పంపే మాస్టార్లకి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

నియమం ఎక్కడిది

బడుల నుంచి పిల్లల్ని బయటికి పంపాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతితో పాటు వచ్చే షరతుల్లో యూనిఫాం ఎప్పుడూ ఉంటుంది. ఈసారి బడులకి వెళ్ళిన కాగితంలో ఉన్నది ఇది: రోజూ స్కూల్ యూనిఫాం, పొద్దున్న వ్యాయామానికి వైట్ డ్రెస్, షూస్, బెల్టు, ఐడీ కార్డు తప్పనిసరి. చదవడానికి ఒక్క లైను. దాన్ని పాటించాలంటే ఒక పిల్ల ఇంట్లో ఏమేం ఉండాలో లెక్కేయండి.

ప్రభుత్వ బడి పిల్లలకి యూనిఫాం సర్కారు ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వ పథకం సమగ్ర శిక్షా నిబంధన ప్రకారం ఎనిమిదో తరగతి దాకా అర్హులైన పిల్లలకి ఏడాదికి రెండు జతలు, పిల్లకి 600 రూపాయలు మించకుండా. మన రాష్ట్రంలో 2020లో విద్యా కానుక మొదలైనప్పటి నుంచి పదో తరగతి దాకా అందరికీ మూడు జతల గుడ్డ, ఒక జత షూస్, సాక్సులు, బెల్టు, బ్యాగు ఇస్తున్నారు, ఇప్పుడు అదే కిట్ సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో వస్తోంది. ఇచ్చేది గుడ్డ, కుట్టించుకోవాల్సింది ఇంటివాళ్ళు. కుట్టుకూలి కింద తల్లి ఖాతాలో వేసేది ఎనిమిదో తరగతి దాకా జతకి 40, తొమ్మిది, పది తరగతులకి 80 రూపాయల లెక్కన. ఏ ఊళ్ళో టైలర్ ఆ డబ్బుకి పదో తరగతి అమ్మాయి పంజాబీ డ్రెస్సు కుడతాడో మీరే చెప్పండి. అందుకని చాలా ఇళ్ళల్లో ముందు ఒక జత కుట్టిస్తారు, డబ్బులు సర్దుకున్నాక రెండోది, మూడో గుడ్డ పెట్టెలో ఉంటుంది, లేకపోతే చెల్లికి పోతుంది. కాగితం మీద మూడు జతలున్న పిల్ల ఒంటి మీదకి వచ్చేవి నిజానికి రెండు. వైట్ డ్రెస్ ఆ కిట్‌లో లేనే లేదు.

ఈ పథకాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బట్టల్లేక బడి మానేసే రోజులు చూసినవాళ్ళకి దాని విలువ తెలుసు. కానీ ఆ లెక్క బడికి సరిపోయేలా వేసింది. బడికి వెళ్ళే పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి గౌను మార్చుకుంటుంది, అమ్మ ఉతికి ఆరేస్తుంది, తెల్లారి వేరే జత. క్యాంపులో ఆ పిల్ల పొద్దున్న అయిదున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా అదే బట్టల్లో ఉంటుంది, ఆటలు కూడా వాటిలోనే, ఉతుక్కోవాల్సింది తనే, ఆరేయడానికి దండెం ఎక్కడుందో తెలీదు, పైగా నవంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే మన వైపు రెండు మూడు రోజులు ముసురు వదలదు. మొదటి రోజు సాయంత్రం నుంచి సరిగ్గా అదే జరిగింది.

మొదటి రోజు

పిల్లలు ఉదయం బస్సులు, ఆటోలు దిగారు. వచ్చిన గంటలోపే నాకు స్పష్టంగా కనిపించిన సంగతి, ఒక బడి లోపల అందరినీ ఒకేలా చూపించే యూనిఫాం, పది బడుల పిల్లలు ఒకచోట చేరేసరికి ఎవరు ఏ బడో, ఆ బడి ఫీజు ఎంతో దూరం నుంచే చెప్పేస్తోంది. టై, బ్లేజరు వేసుకున్న ప్రైవేటు బడి పిల్లలు ఒక గుంపు. ప్రభుత్వ హైస్కూళ్ళ వాళ్ళందరిదీ ఒకటే రంగు కాబట్టి వాళ్ళు ఇంకో పెద్ద గుంపు, అందులో మళ్ళీ చిన్న తేడాలు, కొందరిది ఈ ఏడాది కొత్త గుడ్డ, కొందరిది రంగు వెలిసిన పాతది. ప్యాంటు కింద మడత విప్పి పొడుగు చేసిన చోట ముదురు రంగు గీత ఒకటి అడ్డంగా ఉండిపోతుంది, అది పెద్దవాళ్ళకి కనబడదు గానీ పిల్లలు ముందు చూసేది అదే. కస్తూర్బా అమ్మాయిలు హాస్టల్లో ఉండి అలవాటు కాబట్టి బట్టలు నీట్‌గా ఉన్నాయి, సర్దుకోవడం వచ్చు, కానీ వాళ్ళు వాళ్ళ టీచర్ వెనకే కదిలారు.

ప్రార్థన తర్వాత పిల్లలతో వచ్చిన మాస్టార్లలో ఒకాయన అలవాటు కొద్దీ వరసల మధ్య నడుస్తూ బెల్టు లేనివాళ్ళని, చెప్పులతో వచ్చినవాళ్ళని పక్కకి నిలబెట్టారు. కోపంగా ఏం కాదు. రోజూ బడిలో చేసే పనే. ఓ పది మంది వరస లోంచి బయటికొచ్చి నిలబడ్డారు, మిగతా యాభై మంది వాళ్ళని చూశారు. నేను వెళ్ళి వాళ్ళని వరసలోకి పంపేశాను. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా శిక్షించకూడదని, మానసికంగా వేధించకూడదని చెబుతుంది. ఆ మాస్టారికి అది శిక్ష అని కూడా అనిపించదు, ఆయన మనసులో చెడ్డ ఉద్దేశం లేదని నాకూ తెలుసు. కానీ ఆ పూట నేను నోట్‌బుక్‌లో ఆ పది మందికి గుర్తు పెట్టుకున్నాను, సాయంత్రం దాకా వాళ్ళలో ఒక్కరు కూడా చెయ్యెత్తి మాట్లాడలేదు.

మధ్యాహ్నం గ్రూపులు చేసి, ఏ గ్రూపుకి ఆ గ్రూపు లీడర్ని ఎంచుకోమన్నాం. గ్రూపుల్లో బడులన్నీ కలిపేశాం. అయినా ఎన్నికైన లీడర్లలో ఒక్కరు తప్ప అందరూ టై కట్టుకున్నవాళ్ళే. ఆ పిల్లలు మంచివాళ్ళు, బాగా చేశారు కూడా, వాళ్ళ మీద నాకేం ఫిర్యాదు లేదు. ఎందుకు ఎంచుకున్నారని ఓ తొమ్మిదో తరగతి కుర్రాడిని అడిగితే, "టై ఉన్నోళ్ళు ఇంగ్లీషు మాట్లాడతారు కదండీ" అన్నాడు. వాడితో అప్పటికి ఏ టై ఉన్న పిల్లా ఇంగ్లీషులో మాట్లాడలేదు. బట్ట చూసి వాడే ఊహించుకున్నాడు.

స్వామికి అడ్డు లేదు

వచ్చిన పిల్లల్లో ఒకబ్బాయి అయ్యప్ప మాలలో ఉన్నాడు. కార్తీకం కదా, మన ఊళ్ళల్లో పదో తరగతి కుర్రాళ్ళు చాలామంది నాన్నతో కలిసి మాల వేసుకుంటారు. నల్ల బట్టలు, కాళ్ళకి చెప్పులు లేవు, మెడలో మాల. వాణ్ణి యూనిఫాం ఏదని ఎవరూ అడగలేదు. మాస్టార్ల దగ్గర నుంచి వంటవాళ్ళ దాకా అందరూ స్వామీ అనే పిలిచారు, భోజనం విడిగా పెట్టారు, పడుకోవడానికి చాప వేశారు. చాలా సంతోషం, అలాగే ఉండాలి.

రెండో రోజు పొద్దున్న చిట్టీల డబ్బా తెరిచాం. పేరు రాయకుండా ఏమైనా రాసి వేయొచ్చని ముందు రోజు చెప్పి పెట్టిన డబ్బా. అందులో ఒక చిట్టీ చదివి నేను కాసేపు ఇంకో చిట్టీ తీయలేకపోయాను. పెన్సిల్‌తో, కొంచెం తప్పులతో రాసిన మాటలు, సారాంశం ఇది: స్వామికి మాల కనిపిస్తుంది కాబట్టి ఎవరూ అడగరు, నాకు కూడా కారణం ఉంది, కానీ అది అందరిలో చెప్పుకునేది కాదు, అందుకని నేను వ్యాయామానికి రాకుండా కడుపునొప్పి అని పడుకున్నాను.

ఈ కేసు మొత్తంలో నేను చెప్పదలుచుకున్నది ఆ చిట్టీలోనే ఉంది. మా నియమంలో మినహాయింపు లేదని ఎవరూ అనలేరు, అడిగితే ఇచ్చేవాళ్ళం. ప్రతి బడిలోనూ అలాగే అంటారు, కష్టముంటే వచ్చి చెప్పమ్మా, మేం కాదంటామా అని. కానీ అందరూ గౌరవించే కారణం ఉన్న పిల్లకి అడగాల్సిన పని ఉండదు. సిగ్గుపడే కారణం ఉన్న పిల్ల మాత్రం అరవై మంది లోంచి లేచొచ్చి ఒక పెద్దమనిషికి తన ఇంట్లో ఎన్ని జతలున్నాయో, తనకి నెలసరి ఎప్పుడొచ్చిందో చెప్పుకోవాలి. చెప్పుకోలేని పిల్ల అబద్ధం చెప్తుంది, లేదా మాయమైపోతుంది. మనం రిపోర్టులో ఆ పిల్లకి ఆసక్తి తక్కువ అని రాసేస్తాం.

నియమం మీద కసరత్తు

మా శిబిరాల్లో రెండో రోజు ఒక అభ్యాసం ఎప్పుడూ ఉంటుంది. క్యాంపు నియమాల్లోంచి ఒకటి తీసుకుని పిల్లలు దాని మీద విచారణ చేయాలి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, దీనివల్ల ఎవరికి మేలు, ఎవరికి ఇబ్బంది, మార్చాలంటే ఎవరిని ఒప్పించాలి. మామూలుగా సెల్‌ఫోన్ నియమం తీసుకుంటారు, దాని మీద గోల ఎక్కువ, తేలేది తక్కువ. ఈసారి యూనిఫాం తీసుకోమన్నాను. పిల్లల అభిప్రాయం వినాలన్నది మన దయ కాదు, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణ అదే చెబుతుంది, దానికి మన దేశం 1992లోనే ఒప్పుకుంది. నాయకత్వం నేర్పుతామని పిలిచి, వాళ్ళ ఒంటి మీద బట్ట గురించి వాళ్ళని అడక్కపోతే ఇంక నేర్పేదేముంది.

అమ్మాయిల్ని, అబ్బాయిల్ని విడిగా కూర్చోబెట్టాం. అమ్మాయిల దగ్గర కస్తూర్బా నుంచి వచ్చిన టీచరమ్మ, నేను ఉన్నాం. మొదట పావుగంట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత టీచరమ్మే తన చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది, శనివారం వైట్ డ్రెస్ వేసుకుని వెళ్ళి ఏం జరిగిందో. ఇంక ఆగలేదు. తీరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి వైట్ డ్రెస్ లేక పక్కింటి అప్ప దగ్గర అడిగి తెచ్చుకుంది, దానికి మరక పడితే అప్పకి ఏం చెప్పాలన్న భయంతో నెలసరి లేకపోయినా ఎక్కడా కూర్చోవడం లేదు. బడిలో ఇచ్చే నాప్కిన్లు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చిన పిల్లలు ఉన్నారు. 2021 నుంచి ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి పై తరగతుల అమ్మాయిలకి స్వేచ్ఛ కార్యక్రమం కింద నెలకి పది నాప్కిన్లు ఇస్తూ వచ్చారు కాబట్టి చాలామందికి వాడకం తెలుసు, కానీ క్యాంపులో మార్చుకోవడానికి ఎక్కడికెళ్ళాలో, ఎవరిని అడగాలో తెలీదు. ఇంకో అమ్మాయి చున్నీ గురించి మాట్లాడింది. పిన్నులు పెట్టి రెండు వైపులా మడిచిన చున్నీతో ఆటలు ఆడలేనని, తీసేస్తే అబ్బాయిలు చూస్తారని.

ముందు రోజు వరస లోంచి బయటికొచ్చిన ఒక పిల్ల అప్పుడు చెప్పింది: "రాత్రి ఉతికానండి, ఆరలేదు. తడిబట్టే తొడుక్కున్నాను. ఒంటి మీదే ఆరిపోద్ది కదా అని." గదిలో చాలామంది తలూపారు. అంటే ఆ పిల్ల ఒక్కతే కాదు.

అబ్బాయిల దగ్గర ప్రధానంగా షూస్. పాదాల కొలత బడిలో తీసుకున్నప్పటికీ, షూస్ చేతికి వచ్చేటప్పటికీ, నవంబరు నాటికీ పాదం ఒకేలా ఉండదు, ఈ వయసులో మరీను. వెనక తొక్కేసి చెప్పుల్లా వేసుకునేవాళ్ళు, వేళ్ళు ముడుచుకుని నడిచేవాళ్ళు. ఒకబ్బాయి వాళ్ళ నాన్న గుజరాత్‌లో వీరావళ్ దగ్గర బోట్ల మీద పనికి వెళ్ళాడు, మన తీరం నుంచి ఏటా వందల కుటుంబాల మగవాళ్ళు అటే వెళ్తారు కదా, సంక్రాంతికి వచ్చినప్పుడు కొత్త షూస్ తెస్తానన్నాడట. సంక్రాంతి దాకా ఇంక ఆ షూసే.

ప్రైవేటు బడి పిల్లలు చెప్పింది కూడా రాయాలి, ఎందుకంటే వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదని మిగతా అందరూ అనుకున్నారు. బ్లేజరు మధ్యాహ్నం ఉక్కపోతకి భరించలేరు, తీసేస్తే తిడతారని భయం, యూనిఫాం పాడైతే బడి చెప్పిన షాపులోనే కొనాలి, అది ఖరీదు. ఒక ప్రైవేటు బడి అమ్మాయి మెల్లగా అడిగింది, నన్ను చూస్తే పొగరు అనుకుంటున్నారా అని. గ్రూపులో ఎవరూ తనతో కలవడం లేదని ఆ పిల్ల రెండు రోజులుగా బాధపడుతోంది. ఒక్క నియమం అటు ఆ పిల్లనీ, ఇటు తడిబట్ట పిల్లనీ ఇద్దరినీ ఒంటరి చేసింది.

పెద్దల మాట

క్యాంపులో యూనిఫాం బదులు కలర్ డ్రెస్, అంటే ఇంటి బట్టలు, వేసుకోనివ్వాలని పిల్లలు తమ వాదన తయారు చేసుకుని సాయంత్రం మాస్టార్ల ముందు పెట్టారు. పీఈటీ మాస్టారు గట్టిగా అడ్డం చెప్పారు, ఆయన మాటలో న్యాయం ఉంది. రేపు బయటికి తీసుకెళ్తే బస్టాండులో, రైల్వే గేటు దగ్గర అరవై మందిని ఎలా గుర్తు పట్టాలి? తప్పిపోయిన పిల్లని యూనిఫాం చూసే కదా ఎవరైనా బడికి ఫోన్ చేస్తారు? ఇంకో టీచర్ అన్నది మరీ ముఖ్యమైన మాట: కలర్ డ్రెస్ అంటే ఉన్నోళ్ళు రోజుకో కొత్త డ్రెస్ వేస్తారు, లేనోళ్ళ పరిస్థితి ఇంకా దారుణం, యూనిఫాం పెట్టిందే ఆ తేడా కనబడకూడదని.

పిల్లలు ఆ రెండింటికీ జవాబు చెప్పాల్సి వచ్చింది. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు, బయటికెళ్ళే రోజు యూనిఫాం ఉండాల్సిందే అన్నారు. రెండోదానికి వాళ్ళ దగ్గర గట్టి జవాబు లేదు, ఒక్క రోజు చూద్దాం మేడమ్ అన్నారు. మాస్టార్లు సరే అన్నారు. వైట్ డ్రెస్ మాత్రం ఆ సాయంత్రమే పోయింది, దాన్ని వెనకేసుకొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. సాయంత్రం ఒక గంట ఉతుక్కునే టైం పెట్టాం. వంటశాల వెనక ఉన్న పాత హాల్లో తాళ్ళు కట్టి, ఫ్యాన్లు వేసి, అమ్మాయిలకి ఒక వైపు, అబ్బాయిలకి ఒక వైపు మధ్యలో దుప్పట్లు అడ్డం పెట్టాం. ఖర్చు తాడు, బట్టల క్లిప్పులు, బట్టలసబ్బు. మొత్తం శిబిరంలో ఇంత తక్కువ డబ్బుతో ఇంత మార్పు తెచ్చింది ఇంకోటి లేదు.

కలర్ డ్రెస్ రోజు

మూడో రోజు, కలర్ డ్రెస్ గురించి ఆ టీచర్ భయపడ్డదే జరిగింది. కొంతమంది అమ్మాయిలు పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి మార్చారు. కొంతమంది గిల్టు పని చేసిన పండగ డ్రెస్సులో వచ్చారు, కిందటి సంక్రాంతిది, వాళ్ళకి ఉన్న ఒకే మంచి డ్రెస్ అది, దాంతో నేల మీద కూర్చోలేక అవస్థ పడ్డారు. ముగ్గురు నలుగురు యూనిఫాంలోనే వచ్చారు. వాళ్ళలో తడిబట్ట పిల్ల ఉంది. మర్చిపోయావా అని ఎవరో అడిగితే, "నా బట్టల్లో ఇదే బాగుంటాది" అంది. ఏ బాధా లేకుండా చెప్పింది, నిజం చెప్పింది. యూనిఫాం వద్దని గట్టిగా వాదించిన పిల్లలకి అక్కడ ఒక్కసారి మాట పడిపోయింది.

మధ్యాహ్నం మళ్ళీ కూర్చున్నారు. ఈసారి నేను పిలవలేదు, వాళ్ళే కూర్చున్నారు. ఏకంగా క్యాంపు టీషర్టు అడుగుదాం అని ఒకరు, డబ్బులెక్కడివని ఇంకొకరు, టీషర్టు ఒక్కటే అయితే దాన్నీ ఉతకాలి కదా అని ఇంకొకరు. కస్తూర్బా అమ్మాయి ఒకామె, అప్పటిదాకా నేను పెద్దగా గమనించని పిల్ల, ఒక మాట అంది. ఏది వేసుకోవాలో చెప్పడం మానేసి, ఎందుకు వేసుకున్నావని అడక్కూడదని నియమం పెడదాం అని. యూనిఫాం వేసుకోవచ్చు, కలర్ డ్రెస్ వేసుకోవచ్చు, పైన యూనిఫాం కింద వేరేది వేసుకోవచ్చు, శుభ్రంగా ఉంటే చాలు, ఎవరి బట్ట మీద ఎవరూ మాట అనకూడదు, పొగడకూడదు కూడా. ఆ చివరిది కూడా ఆ పిల్లే పెట్టింది. నీ డ్రెస్ బాగుంది అంటే పక్కన ఉన్న పిల్లకి తనది బాగాలేదని వినిపిస్తుందట. గ్రూపుని గుర్తుపట్టడానికి ఫ్యాన్సీ షాపులో దొరికే రిబ్బను, గ్రూపుకో రంగు, మణికట్టుకి. ఐడీ కార్డులో బడి పేరు వెనక్కి తిప్పి, తెల్ల కాగితం మీద పిల్ల పేరు ముందుకి.

నా దృష్టిలో శిబిరం అంటే ఆ మధ్యాహ్నమే. మేం తీసుకున్న నాయకత్వ సెషన్లన్నీ ఒక ఎత్తు, పన్నెండు మంది పిల్లలు నేల మీద కూర్చుని తమ సొంత నిర్ణయంలో లోపం చూసుకుని దాన్ని దిద్దుకోవడం ఒక ఎత్తు.

నాలుగో రోజు పొందూరు వెళ్ళాం, శ్రీకాకుళం జిల్లా, ఖద్దరు చూడటానికి. ఆ రోజు అందరూ యూనిఫాంలో, పీఈటీ మాస్టారు నిశ్చింతగా. అక్కడ వాలుగ చేప దవడతో దూదిని దువ్వి శుభ్రం చేయడం, ఒంటి కదురు రాట్నం మీద సన్నటి నూలు తీయడం పిల్లలు కళ్ళారా చూశారు. గాంధీగారి పేరు, స్వాతంత్ర్య ఉద్యమం గురించి అక్కడివాళ్ళు చెప్పారు. నేను ఈ ప్రయాణం కార్యక్రమంలో పెట్టింది చేనేత గురించే, కానీ అప్పటికే బట్టల గురించి మూడు రోజులుగా తలలు పగలగొట్టుకున్న పిల్లలు అడిగిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ నూలు తీసే అమ్మకి రోజుకి ఎంత వస్తుంది, ఆమె కట్టుకున్న చీర ఇక్కడిదేనా, మరి నాయకులు తెల్ల ఖద్దరే ఎందుకు వేసుకుంటారు, మాకేమో వైట్ వద్దనిపించింది, వాళ్ళ బట్టలు ఎవరు ఉతుకుతారు. రాట్నం దగ్గర కూర్చున్న పెద్దావిడ ఆఖరి ప్రశ్నకి పకపకా నవ్వి, "ఆళ్ళింటి ఆడోళ్ళే ఉతుకుతారమ్మా" అంది. తిరుగు ప్రయాణంలో బస్సులో అబ్బాయిలు ఎంతమంది తమ యూనిఫాం తామే ఉతుక్కుంటారన్న లెక్క తీశారు. చేతులు లేచినవి కొద్దే, అందరూ హాస్టల్ పిల్లలు.

ఏం మారింది, ఏం మారలేదు

అదే రోజు సాయంత్రం గ్రూపు లీడర్లని మళ్ళీ ఎంచుకున్నారు. ఇది మా కార్యక్రమంలో ముందే ఉన్నది. మొదటి రోజు లీడర్లలో ఇద్దరు కొనసాగారు, పనిచేసి చూపించారు కాబట్టి. మిగతా గ్రూపుల్లో కొత్తవాళ్ళు వచ్చారు, వాళ్ళలో మొదటి రోజు పక్కకి నిలబడ్డ పిల్లలు ఇద్దరు. కారణం బట్టలే అని నేను తేల్చి చెప్పను. నాలుగు రోజులు కలిసి ఉంటే ఎలాగూ పరిచయం పెరుగుతుంది. కానీ రెండో రోజు పొద్దున్న వ్యాయామానికి రాకుండా పడుకున్న అమ్మాయిలు నాలుగో రోజు పొద్దున్న మైదానంలో ఉన్నారు, అది నేను కళ్ళతో చూశాను.

ముగింపు సభకి అతిథులు వస్తారు, ఫోటోలు తీస్తారు. ఒక బడి యాజమాన్యం నుంచి ఫోన్ వచ్చింది, మా పిల్లలు ఫుల్ యూనిఫాంలో, టైతో స్టేజీ మీద కనబడాలి అని. ఆ బడి పిల్లల్నే అడిగాను. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని, యూనిఫాం వేస్తాం, టై కట్టం, రిబ్బను మాత్రం తీయం అన్నారు. అదే జరిగింది. యాజమాన్యం తర్వాత మళ్ళీ ఏమీ అనలేదు.

క్యాంపు తర్వాత బడులకి ఫోన్లు చేసి కనుక్కున్నాను. ఒక హైస్కూల్లో ఈ క్యాంపుకి వచ్చిన పిల్లలు ప్రార్థనలో నిలబెట్టడం గురించి హెడ్మాస్టారితో మాట్లాడారు. బెల్టు, షూస్ లేనివాళ్ళ సంగతి ఇప్పుడు క్లాస్ టీచర్ విడిగా అడుగుతున్నారు. ఇంకో ప్రైవేటు బడిలో శనివారం వైట్ డ్రెస్ తీసేయమని అమ్మాయిలు రాసిచ్చారు, కుదరదన్నారు, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. ఆ అమ్మాయిలు మళ్ళీ రాసిస్తారట. చాలా బడుల్లో ఏమీ మారలేదు, అయిదు రోజుల క్యాంపు నుంచి అంతకన్నా ఆశించడం పిల్లల మీద అనవసరంగా బరువు పెట్టడమే.

షూస్ సంగతి ఇంకా తేలలేదు. ఆటలకి షూస్ లేకుండా మైదానంలోకి దింపితే ముళ్ళు, గాజుపెంకులు. ఇరుకు షూస్‌తో పరిగెత్తిస్తే బొబ్బలు. కొన్ని సైజుల్లో పాత షూస్ పోగుచేసి క్యాంపులో పెట్టొచ్చు, కానీ వాటిని అందరిలో తీసుకోవాల్సి వస్తే మళ్ళీ మొదటికే వచ్చాం. ఆటల సామాను గదిలో బంతులు, స్కిప్పింగ్ తాళ్ళతో పాటే షూస్ కూడా పెట్టి, అందరూ ఆడేముందు ఆ గదిలోంచే తీసుకునేలా చేద్దామని పీఈటీ మాస్టారే సలహా ఇచ్చారు. వచ్చేసారి అలా చేసి చూస్తాం.

బడులకి వెళ్ళే కాగితం మార్చాం. అనుమతి ఇచ్చేవాళ్ళు కూడా చదివి ఒప్పుకున్నారు. తల్లిదండ్రులకి అర్థమయ్యేలా ఇలా రాశాం, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి:

"మీ పిల్లకి ఒక జత స్కూల్ యూనిఫాం ఇచ్చి పంపండి, బయటికి తీసుకెళ్ళే రోజు అది వేసుకోవాలి. మిగతా రోజులకి ఇంట్లో రోజూ వేసుకునే బట్టలు ఏవైనా మూడు జతలు చాలు, యూనిఫాం అయినా పర్వాలేదు. దీనికోసం కొత్తవి కొనకండి, కుట్టించకండి, ఎవరి దగ్గరా అడిగి తేకండి. తెల్ల బట్టలు అక్కర్లేదు. కాలికి సరిపోయే చెప్పులున్నా చాలు. అమ్మాయిలకి నాప్కిన్లు బాత్రూముల దగ్గర బీరువాలో ఉంటాయి, తాళం ఉండదు, అడగాల్సిన పని లేదు. బట్టలు ఉతుక్కోవడానికి రోజూ సాయంత్రం గంట టైం ఉంటుంది, సబ్బు, దండేలు మేమే ఇస్తాం. వాన పడితే లోపల ఫ్యాన్ల కింద ఆరేస్తాం."